ఎంటర్ నొక్కిన తరువాత

సి భాష నేర్చుకునే విద్యార్థి రాసే మొదటి ప్రోగ్రాము తెర మీద ఒక వాక్యాన్ని చూపి ముగిసిపోతుంది. రెండో ప్రోగ్రాము ఎదుటి మనిషిని ఏదో ఒకటి అడిగి, అతడు కీబోర్డు మీద కొట్టిన జవాబును అందుకుని, దానితో లెక్క చేస్తుంది. పాఠ్యపుస్తకంలో ఈ రెండింటి మధ్య దూరం కొద్ది పేజీలే గాని, ప్రోగ్రామింగు స్వభావం మారిపోయేది అక్కడే. మొదటి ప్రోగ్రాములో జరిగేదంతా రాసినవారి చేతిలో ఉంటుంది, రెండోదానిలో సగం పని ఎవరో తెలియని మనిషి వేళ్ల మీద ఆధారపడుతుంది. ఆ మనిషి అడిగినదే ఇస్తాడని, అడిగిన రూపంలోనే ఇస్తాడని నమ్మి రాసిన ప్రోగ్రాముకు ల్యాబు పరీక్షలో మార్కులు వస్తాయి, కాని నిజమైన వాడుకలో అది ఒక్క పూట కూడా నిలవదు. బయటి నుంచి ప్రోగ్రాములోకి వచ్చే సమాచారాన్ని ఇన్‌పుట్ అంటారు. అది ఏ దారిన వస్తుందో, దారిలో ఎక్కడ నిలిచిపోతుందో తెలియకపోవడం వల్లనే తొలి ఏడాది విద్యార్థులు రోజుల తరబడి అంతుపట్టని తప్పులతో కుస్తీ పడుతుంటారు.

1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించినప్పుడు, కీబోర్డు నుంచి చదవడానికి, తెర మీద రాయడానికి భాషలో ప్రత్యేకమైన వాక్యాలేవీ పెట్టలేదు. అంతకు ముందున్న ఫోర్ట్రాన్‌లో రీడ్, రైట్ అనేవి భాషలో అంతర్భాగాలు. సి లో మాత్రం ఆ పనులన్నీ ఫంక్షన్లకు, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక నిర్ణీతమైన పని చేసిపెట్టే ప్రోగ్రాము ముక్కలకు, అప్పగించారు. అలాంటి ఫంక్షన్ల సముదాయమే లైబ్రరీ. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన మైక్ లెస్క్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనుల కోసం ఒక లైబ్రరీ రాశారు. అది మెరుగుపడి 1979లో వెలువడిన యునిక్స్ ఏడో కూర్పు నాటికి ఇప్పుడు అందరూ వాడే ప్రామాణిక రూపానికి వచ్చింది. ప్రతి సి ప్రోగ్రాము మొదటి వరుసలో కనిపించే ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ అనే పేరు ఆ లైబ్రరీదే. స్టాండర్డ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ అనే మాటలను కుదిస్తే వచ్చిన పేరు అది. భాష వేరు, లైబ్రరీ వేరు అన్న ఈ విభజన గుర్తుంటే ఒక విషయం తేటపడుతుంది: ఇన్‌పుట్ తీసుకునే పద్ధతుల్లో ఏదైనా పనికిరానిదని తేలితే, భాష జోలికి పోకుండా ఆ ఒక్క ఫంక్షన్‌నే వదిలేయవచ్చు. అలా వదిలేయవలసి వచ్చిన ఫంక్షన్ ఒకటి ఉంది, దాని సంగతి తరువాత వస్తుంది.

కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కిన వెంటనే అది ప్రోగ్రాముకు చేరుతుందని చాలామంది అనుకుంటారు, కాని మామూలుగా అలా జరగదు. లినక్స్‌లో గాని విండోస్‌లో గాని, నల్లని తెర మీద కొట్టే అక్షరాలను ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరే అట్టిపెట్టుకుని, తప్పు కొట్టినవారు బ్యాక్‌స్పేస్‌తో దిద్దుకోవడానికి అవకాశం ఇచ్చి, ఎంటర్ కీ నొక్కిన తరువాతనే ఆ వరుస మొత్తాన్ని ప్రోగ్రాము వైపు పంపుతుంది. అలా వచ్చిన వరుస బఫర్ అనే తాత్కాలిక నిల్వలో కూర్చుంటుంది. ప్రోగ్రాములోని ఫంక్షన్లు చదివేది ఈ బఫర్ నుంచే తప్ప నేరుగా కీబోర్డు నుంచి కాదు; అవి కావలసినంత మాత్రమే తీసుకుని మిగిలినదాన్ని అక్కడే వదిలేస్తాయి, తరువాత వచ్చే ఫంక్షన్ ఆ మిగిలినదానితోనే మొదలు పెడుతుంది. గట్టిగా పట్టుకోవలసిన అంశం ఇంకొకటి ఉంది: ఎంటర్ కీ కూడా ఒక అక్షరమే. కంటికి కనిపించకపోయినా, కొత్త వరుసను సూచించే గుర్తుగా, 10 అనే సంకేత సంఖ్యతో అది కూడా బఫర్‌లోకి చేరుతుంది. కొత్తవారిని వేధించే చిక్కుల్లో సగానికి మూలం ఈ కనిపించని అక్షరమే.

బఫర్ నుంచి చదవడానికి దాదాపు ప్రతి పాఠ్యపుస్తకం మొదట పరిచయం చేసే ఫంక్షన్ స్కాన్‌ఎఫ్. చివరనున్న ఎఫ్ అక్షరం ఫార్మాటెడ్ అనే మాటకు గుర్తు, అంటే ముందే నిర్ణయించిన రూపంలో ఉన్న సమాచారాన్ని చదివేది అని అర్థం. శాతం గుర్తు పక్కన డి రాస్తే పూర్ణాంకమని, ఎఫ్ రాస్తే దశాంశ సంఖ్య అని, సి రాస్తే ఒక్క అక్షరమని, ఎస్ రాస్తే అక్షరాల వరుస, అంటే స్ట్రింగ్ అని స్కాన్‌ఎఫ్ గ్రహిస్తుంది. చదివిన విలువను ఎక్కడ దాచాలో చెప్పడానికి వేరియబుల్ పేరు ముందు ఆంపర్సాండ్ అనే గుర్తు పెట్టాలి. వేరియబుల్ అంటే మెమరీలో పేరు పెట్టుకున్న ఒక గది అయితే, ఆంపర్సాండ్ ఆ గది చిరునామాను ఇస్తుంది. సి లో ఫంక్షన్‌కు వేరియబుల్‌ను ఇస్తే దాని విలువకు నకలు మాత్రమే చేరుతుంది గనుక, చిరునామా ఇవ్వకపోతే స్కాన్‌ఎఫ్‌కు అసలు గదిలో ఏదీ పెట్టే వీలు ఉండదు. ఆంపర్సాండ్ మరిచిపోతే గదిలో ఉన్న ఏదో అర్థం లేని సంఖ్యనే చిరునామాగా భావించి స్కాన్‌ఎఫ్ అక్కడికి రాయబోతుంది, ప్రోగ్రాము తరచుగా అక్కడికక్కడే కూలిపోతుంది. ఈ తప్పు మొదటి వారంలో అందరూ చేసేదే, తొందరగా దిద్దుకునేదే. ఇప్పటి కంపైలర్లు దీన్ని ముందే పసిగట్టి హెచ్చరిస్తాయి కూడా.

అసలు ఇబ్బంది తరువాతి మెట్టులో ఉంది. ఒక ప్రోగ్రాము మొదట వయసు అడుగుతుందని, ఆ తరువాత ఇంకొకరి వివరాలు ఉన్నాయా అని అడిగి, ఉంటే వై, లేకపోతే ఎన్ కొట్టమంటుందని అనుకుంటే, ఎదుటి మనిషి 25 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు బఫర్‌లోకి మూడు అక్షరాలు వస్తాయి. సంకేత సంఖ్య 50 ఉన్న రెండు, 53 ఉన్న అయిదు, 10 ఉన్న కొత్త వరుస గుర్తు. పూర్ణాంకం కోసం వచ్చిన స్కాన్‌ఎఫ్ మొదటి అంకెను తీసుకుని, రెండో అంకె కనిపించగానే మొదటిదాన్ని పదితో గుణించి రెండోదాన్ని కలిపి 25 చేసి, మూడో అక్షరం అంకె కాదు గనుక దాన్ని ముట్టకుండా తిరిగి వెళ్లిపోతుంది. ఇప్పుడు ఒక్క అక్షరం చదవవలసిన రెండో స్కాన్‌ఎఫ్ వస్తుంది. దానికి మనిషి కోసం ఆగవలసిన అవసరమే లేదు, బఫర్‌లో ఒక అక్షరం సిద్ధంగా ఉంది. అది వై కాదు, ఎన్ కాదు, పాత ఎంటర్. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, జవాబు కోసం ఆగకుండానే ప్రోగ్రాము ముందుకు ఉరుకుతుంది, విద్యార్థి కంప్యూటరు పాడయిందనుకుంటాడు. పూర్ణాంకాలను, దశాంశ సంఖ్యలను, స్ట్రింగులను చదివేటప్పుడు ముందున్న ఖాళీలను, కొత్త వరుస గుర్తులను స్కాన్‌ఎఫ్ దానంతటదే దాటిపోతుంది. ఒక్క అక్షరాన్ని చదివేటప్పుడు మాత్రం దాటదు, ఎందుకంటే ఖాళీ కూడా ఒక అక్షరమే, దాన్నే చదవాలని అడిగి ఉండవచ్చు. శాతం గుర్తుకు ముందు ఒక్క ఖాళీ వదిలితే చాలు, అక్కడ కూడా స్కాన్‌ఎఫ్ దాటవలసినవన్నీ దాటుకుంటూ పోతుంది. ఇంత చిన్న ఖాళీ ఇంత పెద్ద పని చేస్తుందని చెప్పకుండా పాఠం ముగించడం విద్యార్థికి అన్యాయం చేయడమే.

ఈ చిక్కుకు తెలుగు రాష్ట్రాల కంప్యూటరు ల్యాబుల్లో చాలాకాలంగా చలామణిలో ఉన్న పరిష్కారం వేరు. బోర్లాండ్ సంస్థ 1987లో డాస్ కోసం విడుదల చేసిన టర్బో సి, దాని తరువాత వచ్చిన టర్బో సి++ ఇక్కడి ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలాయి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో సి నేర్చుకున్న తరం చాలావరకు ఆ నీలం తెర మీదనే నేర్చుకుంది. అక్కడ ఎఫ్‌ఫ్లష్ అనే ఫంక్షన్‌కు స్టాండర్డ్ ఇన్‌పుట్ పేరు ఇస్తే బఫర్‌లో మిగిలిన చెత్త తుడిచిపెట్టుకుపోయేది, ఆ ఒక్క వరుస నోట్సుల నుంచి నోట్సులకు ప్రాకి అందరికీ కంఠోపాఠమైంది. కాని సి ప్రమాణ పత్రం ప్రకారం ఎఫ్‌ఫ్లష్ పని అవుట్‌పుట్ బఫర్‌లో ఉన్నదాన్ని బయటికి పంపడం. ఇన్‌పుట్ మీద దాన్ని ప్రయోగిస్తే ఏం జరగాలో ప్రమాణం నిర్వచించలేదు. అలా నిర్వచనం లేని పనుల విషయంలో ఏ కంపైలర్ ఎలా ప్రవర్తించినా తప్పు పట్టడానికి వీల్లేదు. అందువల్ల టర్బో సి లో చక్కగా నడిచిన ప్రోగ్రాము లినక్స్ మీదకు తెచ్చేసరికి మళ్లీ పాత పాటే పాడుతుంది. బఫర్‌ను ఖాళీ చేయడానికి ఏ కంపైలర్‌లోనైనా చెల్లే మార్గం ఒకటుంది: గెట్‌చార్ అనే ఫంక్షన్‌తో కొత్త వరుస గుర్తు గాని, ఇన్‌పుట్ ముగింపు గాని వచ్చేదాకా ఒక్కొక్క అక్షరాన్నే చదివి పారేయడం.

గెట్‌చార్‌లో ఒక సూక్ష్మం ఉంది. అది ఇచ్చే విలువను క్యారెక్టర్ రకం వేరియబుల్‌లో దాచకూడదు, ఇంటిజర్ రకం వేరియబుల్‌లోనే దాచాలి. ఒక బైటులో 256 విభిన్న విలువలు పడతాయి. ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అనే సంకేతం వీటన్నిటికీ భిన్నంగా ఉండాలి గనుక 257వ విలువకు చోటు కావాలి. లినక్స్‌లో కంట్రోల్‌తో పాటు డి నొక్కినా, విండోస్‌లో కంట్రోల్‌తో పాటు జెడ్ నొక్కి ఎంటర్ కొట్టినా, లేదా కీబోర్డుకు బదులు ఒక ఫైలు నుంచి ఇన్‌పుట్ ఇచ్చి ఆ ఫైలు ముగిసినా ఈ సంకేతం వస్తుంది.

స్కాన్‌ఎఫ్ గురించి ఎక్కువ మంది గమనించని విషయం అది కూడా ఒక జవాబు ఇస్తుందన్నది. ఎన్ని విలువలను విజయవంతంగా చదివి గదుల్లో పెట్టగలిగిందో ఆ సంఖ్యను అది పిలిచినవారికి తిరిగి ఇస్తుంది. ఒక పూర్ణాంకం అడిగి ఒకటి వచ్చిందంటే పని జరిగిందని, సున్న వచ్చిందంటే బఫర్‌లో అంకె కనిపించలేదని, ఈఓఎఫ్ వచ్చిందంటే ఇక చదవడానికి ఏమీ లేదని అర్థం. పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణలు నూటికి తొంభై పాళ్లు ఈ జవాబును పట్టించుకోకుండా పారేస్తాయి. చూసినవారు అదే అలవాటు చేసుకుంటారు. ఫలితం ఎలా ఉంటుందంటే, వయసు అడిగిన చోట ఎవరైనా ఇరవై అయిదు అని అక్షరాల్లో కొట్టారనుకుంటే, మొదటి అక్షరం దగ్గరే స్కాన్‌ఎఫ్ ఆగిపోతుంది, ఏదీ తీసుకోదు, ఉన్నవన్నీ బఫర్‌లో అలాగే ఉంటాయి. సరైన వయసు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేలా లూపు రాసి ఉంటే అది ప్రతిసారీ అదే అక్షరాన్ని చూసి, ప్రతిసారీ ఓడిపోయి, మనిషికి ఒక్క కీ నొక్కే అవకాశం కూడా ఇవ్వకుండా ఒకే ప్రశ్నను తెర నిండా వేల వరుసలుగా కురిపిస్తుంది. తెలుగు అంకెలతో ౨౫ అని కొట్టినా అంతే, ఎందుకంటే స్కాన్‌ఎఫ్ మామూలుగా గుర్తించే అంకెలు 0 నుంచి 9 వరకు ఉన్నవే.

పూర్తిగా తప్పు అయిన జవాబు కన్నా సగం ఒప్పు అయిన జవాబు మరింత హాని చేస్తుంది. వార్షికాదాయం ఎంత అని అడిగితే మన దేశంలో లక్షా యాభై వేలు సంపాదించే మనిషి అలవాటు కొద్దీ 1,50,000 అని కామాలు పెట్టి కొడతాడు. స్కాన్‌ఎఫ్ ఒకటిని తీసుకుని, కామా దగ్గర ఆగి, ఒక విలువ చదివానని సంతోషంగా చెబుతుంది. తిరిగి ఇచ్చిన జవాబును తనిఖీ చేసిన ప్రోగ్రాము కూడా ఇక్కడ మోసపోతుంది; ఆ కుటుంబం ఆదాయం ఏడాదికి ఒక్క రూపాయి అని నమోదవుతుంది, మిగిలిన కామా, అంకెలు తరువాతి ప్రశ్నకు జవాబుగా తయారవుతాయి. ఏ హెచ్చరికా రాదు, ఏదీ కూలిపోదు, తప్పు లెక్క మాత్రం నిశ్శబ్దంగా ముందుకు సాగిపోతుంది. మొబైల్ నంబరు అడిగితే కథ ఇంకొక రకం. ఇప్పటి కంప్యూటర్లలో ఇంటిజర్ వేరియబుల్ సాధారణంగా 32 బిట్ల పరిమాణంలో ఉంటుంది, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. భారతదేశంలో మొబైల్ నంబర్లు పది అంకెలతో, 6 గాని అంతకన్నా పెద్ద అంకెతో గాని మొదలవుతాయి గనుక వాటిలో ఒక్కటి కూడా ఆ గదిలో పట్టదు. పట్టని సంఖ్య వస్తే స్కాన్‌ఎఫ్ ఏం చేయాలో కూడా ప్రమాణం నిర్వచించలేదు. టర్బో సి లోనైతే ఇంటిజర్ 16 బిట్లే, 32,767 దాటితే చాలు, లెక్క తారుమారయ్యేది. నిజానికి మొబైల్ నంబరు సంఖ్యే కాదు. దాన్ని ఎవరూ కూడరు, గుణించరు. అది అంకెలతో రాసిన పేరు, దాన్ని స్ట్రింగ్‌గానే చదవాలి.

స్ట్రింగులకు వాటి తంటాలు వాటికి ఉన్నాయి. శాతం ఎస్ అని అడిగినప్పుడు స్కాన్‌ఎఫ్ మొదటి ఖాళీ దగ్గర ఆగిపోతుంది, కాబట్టి వెంకట సుబ్బారావు అని కొడితే వెంకట మాత్రమే దక్కుతుంది. ఇంటిపేరు ముందు రాసే తెలుగువారి విషయంలో ఈ లోపం వల్ల చాలాసార్లు ఇంటిపేరు మిగిలి అసలు పేరు పోతుంది. పేరు కోసం ఎంత చోటు కేటాయించాలన్నది రెండో ప్రశ్న. ఇంగ్లిషు అక్షరాల్లో లక్ష్మి అని రాయడానికి ఏడు బైట్లు చాలు, కాబట్టి ఇరవై బైట్ల చోటు ఉంటే ధారాళమని పుస్తకాలు నేర్పుతాయి. తెలుగు లిపిలో రాస్తే సంగతి మారుతుంది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అందులో తెలుగుకు చెందిన ప్రతి సంకేతం, అది అక్షరమైనా గుణింతపు గుర్తయినా పొల్లయినా, మూడు బైట్లు తీసుకుంటుంది. లక్ష్మి అన్న పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు ఉన్నాయి, అంటే 21 బైట్లు. స్ట్రింగ్ ముగిసిందని చెప్పడానికి సి చివరలో పెట్టే సున్న బైటుతో కలిపితే 22. కంటికి రెండే అక్షరాలుగా కనిపించే పేరు ఇరవై బైట్ల గదిలో పట్టదు! శాతం గుర్తుకు, ఎస్‌కు మధ్య 19 అని హద్దు రాస్తే గది పొంగిపోవడం ఆగుతుంది గాని, పద్దెనిమిది బైట్లతో లక్ష్మ వరకు వచ్చి, పంతొమ్మిదో బైటుగా గుడిలో మూడో వంతు విరిగి వచ్చి, తెర మీద పేరు చివర ఒక ప్రశ్న గుర్తో, అర్థం కాని బొమ్మో మిగులుతుంది. తెలుగులో పేర్లు తీసుకోదలచిన ప్రోగ్రాము కనీసం రెండు వందల బైట్లయినా కేటాయించుకోవడం మేలు. ఈ రోజుల్లో మెమరీకి కరువు లేదు.

హద్దు రాయకపోతే ఏమవుతుంది? గది నిండినా అక్షరాలు ఆగవు, పక్క గదుల్లోకి పొర్లుతాయి, అక్కడున్న విలువలను చెరిపేస్తాయి. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. హద్దు చెప్పడానికి వీలే లేని ఫంక్షన్ ఒకటి లైబ్రరీలో ఉండేది, దాని పేరు గెట్స్; ఖాళీలతో సహా వరుస మొత్తాన్ని చదువుతుంది గనుక పేర్లు చదవడానికి అది అనుకూలమని ఎందరో వాడారు. దానికి గది చిరునామా ఇవ్వవచ్చు, గది పరిమాణం చెప్పే మార్గం లేదు. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఇంటర్నెట్ మీదకు వదిలిన ప్రోగ్రాము ప్రవేశించిన దారుల్లో ఇది ఒకటి. ఒక కంప్యూటరులో ఎవరెవరు పనిచేస్తున్నారో చెప్పే ఫింగర్ అనే సేవ అవతలివారు పంపిన వరుసను గెట్స్ సహాయంతో 512 బైట్ల గదిలోకి చదివేది. మోరిస్ ప్రోగ్రాము 536 బైట్లు పంపింది. ఎక్కువైన బైట్లు ఫంక్షన్ పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసిపెట్టుకున్న చిరునామాను చెరిపి, ఆ చోట తమకు కావలసిన చిరునామాను పెట్టాయి, దానితో ఆ కంప్యూటరు చొరబాటుదారు ఆజ్ఞలను తన పనిగా భావించి నడిపింది. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 6,000 యంత్రాలు ఈ దాడికి లోనయ్యాయని అంచనా వేశారు. ఫింగర్ సేవలో దిద్దుబాటు ఎంత అంటే, గెట్స్ ఉన్న ఒక్క వరుసను తీసి ఎఫ్‌గెట్స్ పెట్టడం. అంత జరిగినా 1989 నాటి మొదటి సి ప్రమాణంలో గెట్స్ కొనసాగింది, 1999 నాటి ప్రమాణంలోనూ ఉంది. 2011 ప్రమాణంలో మాత్రమే దాన్ని పూర్తిగా తొలగించారు. ఇరవై మూడేళ్లు పట్టిన ఆ నిర్ణయం ఆలస్యమైనదే గాని, అవసరమైనది.

ఎఫ్‌గెట్స్ అనేది గెట్స్‌కు జాగ్రత్తగల రూపం. దానికి మూడు విషయాలు చెప్పాలి: గది ఏది, గది పరిమాణం ఎంత, ఎక్కడి నుంచి చదవాలి. వంద బైట్ల గది అని చెబితే ముగింపు సున్న కోసం ఒక చోటు విడిచి తొంభై తొమ్మిదికి మించి ఎప్పటికీ చదవదు, లేదా కొత్త వరుస గుర్తు రాగానే దాన్ని కూడా కలుపుకుని ఆగుతుంది. ఎంటర్ బఫర్‌లో మిగలకుండా వరుసతో పాటే బయటికి వచ్చేస్తుంది గనుక, వై, ఎన్ ప్రశ్న దగ్గర ఎదురైన చిక్కు ఇక్కడ పుట్టదు. పేరు చివర అంటుకున్న ఆ గుర్తును తీసి దాని చోట సున్న పెట్టుకోవాలి, అదొక్కటే అదనపు పని. ఒకవేళ చదివిన దానిలో కొత్త వరుస గుర్తు కనిపించకపోతే మనిషి కొట్టిన వరుస గదికన్నా పొడవైనదని తెలుస్తుంది. అప్పుడు మిగిలినదాన్ని గెట్‌చార్‌తో చదివి పారేసి, మళ్లీ అడగవచ్చు.

సంఖ్యలను చదవడానికి కూడా ఇదే దారి క్షేమకరం. ముందు ఎఫ్‌గెట్స్‌తో వరుస మొత్తాన్ని తీసుకుని, ఆ తరువాత తీరికగా దాన్ని పరీక్షించాలి. పరీక్షకు ఏ టు ఐ అనే ఫంక్షన్ చాలామందికి తెలుసు గాని, అది అక్షరాలు ఇచ్చినా సున్న అంటుంది, నిజంగా సున్న ఇచ్చినా సున్న అంటుంది, రెండింటికీ తేడా చెప్పదు. స్ట్రింగ్ టు లాంగ్ అనే మాటలను కుదించి పేరు పెట్టిన స్ట్రటోల్ దానికన్నా ఎంతో నిజాయితీ గలది. అది సంఖ్యను ఇవ్వడంతో పాటు తాను వరుసలో ఎక్కడ ఆగిపోయిందో ఆ చిరునామాను కూడా ఇస్తుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిందంటే వరుసలో సంఖ్యే లేదు. కొత్త వరుస గుర్తు దగ్గర గాని, వరుస చివర గాని ఆగిందంటే అంతా సంఖ్యే. మధ్యలో మరో అక్షరం దగ్గర ఆగిందంటే సంఖ్య తరువాత ఇంకేదో ఉంది, అది దశాంశ బిందువు కావచ్చు, కామా కావచ్చు. సంఖ్య మరీ పెద్దదైతే ఎర్‌నో అనే వేరియబుల్‌లో హద్దు దాటిందన్న సంకేతం పెడుతుంది. ఆ సంకేతాన్ని నమ్మాలంటే స్ట్రటోల్‌ను పిలవడానికి ముందు ఎర్‌నోలో సున్న పెట్టడం మరిచిపోకూడదు. ఇక వయసు సున్నకు తక్కువ కాకూడదని, నూట ఇరవై దాటకూడదని చూసుకోవడం భాష పని కాదు, రాసేవారి లోకజ్ఞానం చేయవలసిన పని.

వరుస మొత్తం చేతిలో ఉండటం వల్ల కలిగే మేలు ఆదాయం ఉదాహరణలో బాగా కనిపిస్తుంది. 1,50,000 అని వచ్చిన వరుసను మొదటి నుంచి చివరి వరకు ఒకసారి చూసి, కామాలను తీసేసి, మిగిలిన 150000ను స్ట్రటోల్‌కు ఇస్తే సరైన లక్షా యాభై వేలు వస్తుంది. కామాలు పెట్టవద్దని మనిషిని హెచ్చరించడం కన్నా, అతడు పుట్టినప్పటి నుంచి రాస్తున్న పద్ధతిని ప్రోగ్రాము అర్థం చేసుకోవడం మర్యాద. స్కాన్‌ఎఫ్‌తో ఈ పని చేయడం దుర్లభం. దానికి వరుస అన్న భావనే లేదు, ఒక అక్షరం తరువాత ఒక అక్షరం వచ్చే ప్రవాహం తప్ప. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము కోసం క్రమంగా రాసిపెట్టిన ఫైళ్లను చదవడానికి స్కాన్‌ఎఫ్ మంచి సాధనం, ఆ పనికి దాన్ని తప్పు పట్టనవసరం లేదు. మనిషి వేళ్ల నుంచి వచ్చేది క్రమంగా ఉండదు, ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు.

మొదటి వారంలోనే ఎఫ్‌గెట్స్, స్ట్రటోల్ నేర్పితే విద్యార్థులు బెదిరిపోతారని కొందరు ఉపాధ్యాయుల అభిప్రాయం. అందులో కొంత నిజం ఉంది. చిరునామాలు, అక్షరాల వరుసలు, ముగింపు సున్న అన్నవి ఒకేసారి మీద పడితే కొత్తవారికి బరువే. అందుకే స్కాన్‌ఎఫ్‌తో మొదలు పెట్టినా ఫరవాలేదు, అది తిరిగి ఇచ్చే సంఖ్యను తనిఖీ చేయడం మాత్రం మొదటి రోజు నుంచే నేర్పాలి, స్ట్రింగులు అర్థమైన వారంలోనే ఎఫ్‌గెట్స్‌కు మారాలి. గెట్స్‌ను మాత్రం ఏ రోజూ నేర్పకూడదు. లినక్స్‌లో దాన్ని వాడిన పాత ప్రోగ్రామును కంపైల్ చేస్తే, ఇది ప్రమాదకరమైన ఫంక్షన్, వాడవద్దు అని లింకర్ ఇప్పటికీ హెచ్చరిస్తుంది. సి నేర్పే ఉపాధ్యాయులు ల్యాబులో విద్యార్థి ప్రోగ్రామును చూసేటప్పుడు 25 కొట్టి సరే అనకుండా, ఒకసారి 1,50,000 అని, ఒకసారి ఇరవై అయిదు అని, ఒకసారి ఉత్త ఎంటర్, ఒకసారి తెలుగులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కొట్టి చూసి, ఆ తరువాతే రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాలి.